తమ్ముడి బాప్తిస్మం, మా అర్జీ

ఆ వేసవిలో మా తమ్ముడి బాప్తిస్మానికని నాన్న చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలవడం, తీరా అందరూ వచ్చాక బాప్తిస్మం వాయిదా పడడం మామూలైపోయింది. వచ్చినవాళ్ళెవరూ నొచ్చుకునేవారు కాదు. గుమ్మడికాయ కూరతో మొక్కజొన్న రొట్టె తిని, ఉంటే కాస్త బ్రాందీ తాగి, ఒక్కొక్కరే వెనక గదిలోకి వెళ్ళి, వేళ్ళకు సిరా అంటించుకుని బయటికొచ్చి, పిల్లవాడి బుగ్గ గిల్లి వెళ్ళిపోయేవారు. నొచ్చుకున్నది మా అమ్మ ఒక్కతే.

మేము ఇంగ్లండు వదిలి ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ దేశానికి వచ్చిన మూడో ఏడు అది. నాన్న జేబెజ్ థర్లో నాటింగ్‌హామ్‌లో మేజోళ్ళు నేసేవాడు. ఓడ దిగేదాకా ఆయన చేత్తో నాగలి పట్టి ఎరగడు. సర్కారు వాళ్ళు కోవీ నది ఒడ్డున కొలిచి ఇచ్చిన నేలచెక్కలో గోధుమ చల్లితే మొదటి ఏడు తుప్పు తెగులు పట్టింది. రెండో ఏడూ పట్టింది. మూడో ఏడు నేను చేలో అటునుంచి ఇటు నడిచొస్తే నా తెల్లగౌను మోకాళ్ళ దాకా ఇటుకరంగు తిరిగింది. అమ్మ ఆ గౌను చూసి గుమ్మడి విత్తనాలు వలవడం మొదలుపెట్టింది.

తెగులు మీద నాన్నకు కోపం లేదు. అది దేవుడి పని, దాని మీద ఎవరికీ అర్జీ పెట్టుకోలేమనేవాడు. ఆయన కోపమంతా పాసుల మీద. మా చెక్క పొలిమేర దాటి మాలాగే ఓడలో వచ్చి దిగిన పక్క గుంపు వాళ్ళింటికి గొడ్డలి అడగడానికి వెళ్ళాలన్నా సర్కారు మనిషి రాసిచ్చిన పాసు జేబులో ఉండాలి. లేకపోతే కొట్లో వేస్తారు. అది చాలనట్టు ఆ ఏడు గవర్నరు ఒక చాటింపు వేయించాడు. సర్కారు సంగతులు మాట్లాడుకోవడానికి నలుగురు ఒకచోట చేరితే నేరం. అలా చేర్చినవాణ్ణి ఓడెక్కించి దేశం దాటించేస్తారు.

నాన్న మొదట పగలబడి నవ్వాడు. తర్వాత భోంచేయలేదు. "ఇంగ్లండులో తిండి లేకపోయినా తిట్టుకునే స్వేచ్ఛ ఉండేది. ఇక్కడ రెండూ లేవు," అన్నాడు.

అర్జీ ఆలోచన సైలస్ గెడ్నీది. ఏటి అవతలి గుంపులో పిల్లలకు చదువు చెప్పే కుర్రాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, కూర్చున్నప్పుడు మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అవస్థపడేవాడు. పుస్తకాలు తెచ్చివ్వడానికని మా ఇంటికి వచ్చేవాడు. మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే. అది నాన్నకు తట్టలేదు గాని అమ్మకు తట్టింది. గవర్నరు మీద ఫిర్యాదు గవర్నరుకే ఇస్తే ఏం లాభం, నేరుగా లండన్లో పార్లమెంటుకే పంపుకుందాం, నది పొడుగునా ఉన్న మనవాళ్ళందరి సంతకాలూ పడాలి, అప్పుడే అక్కడి వాళ్ళు తల తిప్పి చూస్తారని సైలస్ చెప్పాడు. అందరినీ ఒకచోటికి చేర్చడం ఎలాగన్నదే చిక్కు. పెళ్ళిళ్ళకీ చావులకీ బాప్తిస్మాలకీ మాత్రమే పాసులు ఇస్తున్నారు.

అందరూ ఒకేసారి ఉయ్యాల వైపు చూశారు. అందులో మా తమ్ముడు కాలి బొటనవేలు నోట్లో పెట్టుకోవడానికి శతవిధాలా ప్రయత్నిస్తున్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. సర్కారుతో పేచీ అంటే మా వైపు తిరిగే ప్రీచరు గారు గుమ్మం తొక్కడు. కాబట్టి ఆయన వేరే ఊళ్ళో ఉన్న రోజు చూసే విందు పెట్టాలని నాన్న పథకం. అంటే పిల్లవాడు అంతవరకూ పేరు లేకుండా ఉండాలి. మేము వచ్చేటప్పుడు ఓడలో మా చెల్లెలు పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. పేరు పెట్టే వ్యవధి కూడా లేకపోయింది.

"దాన్ని సముద్రంలో వదిలాక ఇప్పటిదాకా ఏమని తలుచుకోవాలో నాకు తెలీదు జేబెజ్. వీణ్ణి కూడా అలా ఉంచమంటావా?" అంది అమ్మ.

నాన్న ఒక్కసారికేనని మాటిచ్చాడు. అమ్మ ఆ ఒక్కసారికి సరేనంది.

పాసులు రాసే సర్కారు మనిషి ఆంబ్రోస్ విట్కమ్. సైన్యంలో లెఫ్టినెంటుగా చేసి, అర జీతం పింఛనుతో గుట్ట మీద ఇల్లు కట్టుకున్నాడు. పెళ్ళాం పిల్లలు లేరు. కోటు గుండీలు మాత్రం మెడ దాకా పెట్టుకుని ఎండలో కూర్చునేవాడు. ఆదివారం పూట తన వసారాలో ప్రార్థన పుస్తకం చదివేవాడు. ఇద్దరు సిపాయిలూ ఒక ముసలి కుక్కా వినేవారు. నాన్న ఆయన పేరెత్తితే ఉమ్మేసేవాడు.

మొదటి విందు మా ఇంట్లోనే జరిగింది. ఎవరూ ఊహించనంత మంది వచ్చారు. అయితే ఆరోజు సంతకాల దాకా పోనేలేదు. అర్జీలో ఏం రాయాలన్న దగ్గరే పొద్దంతా పోయింది. గవర్నరును రాక్షసుడని రాయాల్సిందేనని నాన్న, కూడదని సైలస్. అర్జీ అంటే తలవంచి అడిగేదని సైలస్ అంటే, తల వంచితే నరకడానికి మెడ దొరుకుతుందని నాన్న. పెద్దవాళ్ళందరూ చెరో పక్కా చేరి బల్ల గుద్దుతుంటే పొయ్యి దగ్గర నుంచి అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది.

"తిట్టాల్సినవన్నీ ఇక్కడే తిట్టేయండి, ఎవరూ వినరు. కాగితం మీద మాత్రం సంగతి రాయండి," అంది.

అలాగే చేశారు. సాయంత్రం వరకూ మహా సంతోషంగా తిట్టుకున్నారు. ఒక ముసలి వడ్రంగి గవర్నరును మూడు ఇంగ్లీషు యాసల్లో తిట్టి, చెమట తుడుచుకుని, మూడేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. ఆ తర్వాత సైలస్ కూర్చుని, తల వంచే, కాని ఒక్క సంగతీ వదలకుండా రాశాడు. పాసులు, చాటింపు, చాలీచాలని నేల, పంట పోయినప్పుడు వినే నాథుడు లేకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి.

దాంతో నాన్న ఇచ్చిన మాట గాల్లో కలిసింది. సంతకాలకు రెండో విందు కావాల్సి వచ్చింది. అమ్మ రెండ్రోజులు నాన్నతో మాట్లాడలేదు. నాన్న ఏం అడగాలన్నా నన్నడిగేవాడు, అమ్మ నాకు జవాబు చెప్పేది, ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండేవాళ్ళం.

పాసుల కోసం నన్నే విట్కమ్ గారి దగ్గరికి పంపారు.

"మీ తమ్ముడికి ఇంకా పేరు పెట్టలేదా?" అన్నాడాయన, కలం సిరాలో ముంచుతూ.

"ప్రీచరు గారు రాలేదండి. గుర్రం కుంటుతోందట."

"మొన్న కూడా రాలేదుగా."

"మొన్నటి నుంచే కుంటుతోందండి."

ఆయన పాసు రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, ఊది, నా చేతికిచ్చాడు. "పాపం, ఆ గుర్రం," అన్నాడు. ముఖంలో ఏమీ కనబడలేదు.

రెండో విందు ఏటి అవతల సైలస్ బడిలో జరిగింది. మమ్మల్ని బండి మీద తీసుకెళ్ళింది కోబస్ విండ్‌ఫోగెల్. కోబస్ ఆ నేల మనిషి, ఖోయ్ తెగవాడు. బండి ఎవరో డచ్చి రైతుది, ఎడ్లు మాత్రం కోబస్ మాటే వినేవి. ఒక్కో ఎద్దుతో ఒక్కో గొంతుతో మాట్లాడేవాడు. మాతో మాట్లాడేటప్పుడు ఆ గొంతుల్లో ఏదో ఒకటి వాడేవాడు, నాన్నకు మొండి ఎద్దు గొంతు దక్కింది. ఆరోజు కాగితం నిండా సంతకాలు పడ్డాయి. సంతకం చేసిన ప్రతివాడూ పిల్లవాడికి పేరు కూడా సూచించి పోయాడు. వడ్రంగి అయితే 'పార్లమెంట్ థర్లో' అని పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. అమ్మ కూడా నవ్వేసింది. నవ్వింది గాని, బండెక్కాక పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని, దారంతా ఎవరికీ ఇవ్వలేదు.

క్రిస్మస్‌కు ముందు, ఆ దేశంలో అది నడి వేసవి, ఎండ మండిపోతున్న రోజున మూడో విందు, మళ్ళీ మా ఇంట్లోనే. నది ఎగువ వాళ్ళు మిగిలిపోయారు, వాళ్ళ సంతకాలు పడితే అర్జీ పూర్తవుతుంది. వెనక గదిలో బల్ల మీద కాగితం పరిచి ఉంది. ఆఖరి సంతకం అయ్యీ అవకముందే బయట కుక్క మొరిగింది. కిటికీలోంచి చూస్తే విట్కమ్ గారు గుర్రం దిగుతున్నాడు. వెనక ఇద్దరు సిపాయిలు.

సైలస్ కాగితం చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. అది వదిలేస్తే పోతుంది, దొరికితే అతనే పోతాడు. నేను అతని చేతిలోంచి లాక్కుని, మడతపెట్టి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, తమ్ముడి వీపుకింద శాలువా మడతలో దూర్చాను. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. తలెత్తేసరికి అమ్మ నన్నే చూస్తోంది. వచ్చి, పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందు గదిలోకి నడిచింది.

ముందు గది నిండా జనం. విట్కమ్ గారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈసారైనా ప్రీచరు గారు వచ్చారా, థర్లో గారూ?"

నాన్న నోరు తెరిచాడు. ఏ గుర్రానికి ఏ జబ్బు చెప్పాలో తోచక మళ్ళీ మూశాడు. సిపాయిల్లో ఒకడు వెనక గది తలుపు వైపు అడుగేశాడు.

"రాలేదండి," అంది అమ్మ. "ఇంక వస్తారన్న ఆశ కూడా నాకు లేదు. మీరు ఆదివారాలు ప్రార్థన పుస్తకం చదువుతారుగా. మీరే ఇప్పించండి."

ఆ మాటకు అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది నాన్న. విట్కమ్ గారు తను పాదిరిని కాదన్నాడు. చదవడం వేరు, బాప్తిస్మం ఇవ్వడం వేరన్నాడు. అవసరం పడితే ఎవరైనా ఇవ్వొచ్చని ఆ పుస్తకంలోనే ఉందని అమ్మ అంది.

"ఓడలో నా కూతురికి కెప్టెను గారు చదివారు. ఆయనా పాదిరి కాదు. అది చచ్చిపోయాక చదివారు. వీడు బతికున్నాడు. వీడికి మీరు చదివితే తప్పేముంది?"

ఆమె గొంతు హెచ్చలేదు. కథ కట్టి చెప్పడం లేదని ఆ గదిలో అందరికీ తెలిసింది. విట్కమ్ గారు చేతి తొడుగులు విప్పి, సిపాయిని జీను సంచీలోంచి పుస్తకం తెమ్మన్నాడు. నేను అంచు విరిగిన మా తెల్ల గిన్నెలో ఏటి నీళ్ళు పోసి తెచ్చాను.

అమ్మ పిల్లవాణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఎప్పుడూ పసివాణ్ణి ఎత్తుకున్నట్టు లేదు, తుపాకీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అప్పుడు కాగితం గరగరలాడింది. నాకు వినిపించింది. ఆయనకూ వినిపించింది. ఆయన తల దించి పిల్లవాడి కేసి చూశాడు. తర్వాత నా కేసి, సిరా అంటిన నా వేళ్ళ కేసి చూశాడు. శాలువా అంచు జారి తెల్లగా ఏదో కనబడుతున్న చోట బొటనవేలితో గుడ్డ లోపలికి దోపి, నిదానంగా సర్దాడు.

"పేరు?" అన్నాడు.

"ఆంబ్రోస్," అంది అమ్మ.

వెనకెక్కడో వడ్రంగికి పొలమారింది. నాన్న ముఖం నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు. విట్కమ్ గారు ఆ పేరు పలకబోయి ఒకసారి ఆగాడు. నీళ్ళు నెత్తిన పడగానే తమ్ముడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. సిపాయిలిద్దరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

పిల్లవాణ్ణి నాకు తిరిగిస్తూ, "వయసుకు మించి బరువుగా ఉన్నాడు. జాగ్రత్తగా చూసుకో. తడి తగలనివ్వకు," అన్నాడాయన.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని అమ్మ పెట్టిన కూర తిన్నాడు. బ్రాందీ తాగాడు. సిపాయిలకూ పెట్టించాడు. వెనక గది తలుపు వైపు ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "థర్లో గారూ, ఇకమీదట మీ అబ్బాయి బాప్తిస్మానికి పాసులివ్వడం కుదరదు. అతనికి పేరు వచ్చేసింది," అన్నాడు.

నాన్న చాలా రోజులు తమ్ముణ్ణి 'వాడు' అనే పిలిచాడు. నది పొడుగునా ఇన్ని పేర్లుండగా ఆ పేరే దొరికిందా అని అమ్మను నిలదీశాడు. అమ్మ తను వేరే పేరు అనుకుందట. ఆయన శాలువా సర్దిన తీరు చూశాక నోటికి అదే వచ్చిందట.

అర్జీని అల్గోవా బే రేవులో ఒక ఓడ కెప్టెనుకు అందించాలి. నాన్న మీదా సైలస్ మీదా కన్నుంటుందని అమ్మా నేనూ తమ్ముడూ ఉప్పు కొనే మిషతో కోబస్ బండిలో బయల్దేరాం. దారి పొడుగునా పొదలు, ధూళి, బండి చక్రాల ఏడుపు. ఒకచోట ఎడ్లను నీళ్ళకు విప్పినప్పుడు కోబస్ నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయిగారూ, వేసవంతా ఈ కాగితాన్ని తిప్పుతున్నాను. అందులో ఏముందో నాకూ చదివి వినిపించండి," అన్నాడు.

చదివాను. నేల సంగతికి తలూపాడు. చాటింపు సంగతికి నాలుక చప్పరించాడు. పాసు లేకుండా మా పొలిమేర దాటి కదలలేకపోతున్నామని, స్వతంత్రులుగా పుట్టినవాళ్ళకు ఇది తలవంపని చదివినప్పుడు మాత్రం నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నవ్వాడంటే ముందెద్దు నీళ్ళు తాగడం ఆపి తిరిగి చూసింది. టోపీ తీసి, దాని లోపలి నుంచి చెమటకు పసుపురంగు తిరిగిన పాసు ఒకటి తీసి నాకు చూపించాడు.

"నాకు మీసం రాకముందు నుంచీ మోస్తున్నాను. మా నాన్న పుట్టింది మీ ఏటి పక్కనే. అక్కడికెళ్ళాలన్నా నాకిది కావాలి. మీ పంతులు బాగా రాశాడమ్మా, మా మాటలే రాసినట్టున్నాడు. మమ్మల్ని మాత్రం రాయడం మర్చిపోయాడు."

అతని గొంతులో కోపం లేదు. అదే నాకు ఇబ్బందిగా ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తమ్ముడికి పాలిస్తూ ఎడ్ల వైపు చూస్తూ కూర్చుంది. "ఇందులో సంతకాలైపోయాయి కోబస్. ఇంక చోటు లేదు," అంది.

"ఇందులో లేకపోతే ఇంకో కాగితం దొరకదామ్మా?" అన్నాడు కోబస్, లేచి ఎడ్లను కడుతూ.

కెప్టెను అర్జీని కోటు లోపల పెట్టుకున్నాడు. ఉప్పు కొనుక్కుని తిరిగొచ్చాం. అర్జీ లండను చేరిన సంగతి చాలా నెలలకు పత్రికలో వచ్చింది. దాన్ని పార్లమెంటులో చదివి సభ బల్ల మీద పెట్టారట. ఇంత సముద్రం దాటించి పంపింది బల్ల మీద పెట్టడానికా, బల్లలు ఇక్కడ లేవా అని నాన్న మండిపడ్డాడు. కాని ఆ బల్ల మీద నుంచే ఎవరో దాన్ని తీసి చదివినట్టున్నారు. విచారణకు దొరలు వచ్చారు, మా ఇంటి గుమ్మడికాయ కూర కూడా తిన్నారు. మా పాసులు రద్దయ్యాయి. చాటింపు ఎవరూ పట్టించుకోకుండా పోయింది.

అవన్నీ తర్వాతి మాటలు. రేవు నుంచి తిరిగొచ్చిన మర్నాడు సైలస్ కబురు కనుక్కోవడానికి వచ్చాడు. అమ్మ రొట్టె కోసి పెడుతూ కోబస్ అన్న మాట చెప్పింది. ముందు మన అర్జీ తేలనివ్వమన్నాడు నాన్న. రెండూ కలిపితే లండన్లో వాళ్ళు చికాకుపడతారని, మనది చెడుతుందని అన్నాడు.

అమ్మ కత్తి కింద పెట్టింది. "నీ కాగితం కోసం నా బిడ్డను వేసవంతా పేరు లేకుండా తిప్పావు జేబెజ్. నేనడిగేది కూడా ఒక కాగితమే."

నాన్న ఆమె వైపు చూశాడు, తర్వాత ఉయ్యాల వైపు చూశాడు. మొట్టమొదటిసారి, "ఆంబ్రోస్ ఏడుస్తున్నట్టున్నాడు," అని లేచి వెళ్ళాడు. తమ్ముడు ఏడవడం లేదు. మా ఇంట్లో నాన్న ఒప్పుకోవడమంటే అలాగే ఉండేది.

సైలస్ మాత్రం మోకాళ్ళు సర్దుకుంటూ చిక్కు చెప్పాడు. రాయడం పెద్ద పని కాదు, సంతకాలకు మనుషులు చేరాలి. కోబస్ వాళ్ళకు పాసులు దొరకడం మనకన్నా కష్టం. బాప్తిస్మం ఇంక అయిపోయింది.

"పెళ్ళయితే ఇస్తారేమో," అన్నాడు. ఆ మాట అన్నది అమ్మతో గాని, అంటూ చూసింది నా వైపు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరి పెళ్ళి?" అన్నాను నేను, తెలియనట్టు.

"మీకు అభ్యంతరం లేకపోతే..." అని అక్కడితో ఆగిపోయాడు. పార్లమెంటుకు పేజీలకు పేజీలు రాసినవాడికి నా ముందు మాట సాగలేదు. నాకు అభ్యంతరం లేదని అమ్మే చెప్పింది. తర్వాత నేనూ చెప్పాను.

ఆకులు రాలే కాలం మొదట్లో మా పెళ్ళయింది. ఈసారి ప్రీచరు గారు నిజంగానే వచ్చాడు. విట్కమ్ గారు పాసులన్నిటి మీదా కారణం 'పెళ్ళి' అని రాసి, తను కూడా గుండీలన్నీ పెట్టుకుని వచ్చి, తమ్ముణ్ణి ఎత్తుకుని వసారాలో కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఒక్కసారి కూడా లేవలేదు. ఆరోజు సంతకాలు పడ్డ కోబస్ వాళ్ళ అర్జీకి జవాబు రావడానికి ఏళ్ళు పట్టింది గాని, వచ్చింది.

వెనక గదిలో నాన్న సిరాబుడ్డి పట్టుకుని నిలబడ్డాడు. సంతకానికి బదులు అడ్డగీత గీస్తే చాలని సైలస్ చెప్పినా కోబస్ వినలేదు. పేరు మొత్తం రాస్తానన్నాడు. ఒక్కో అక్షరం నేను పక్క కాగితం మీద రాసి చూపిస్తుంటే, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, తొందరేమీ లేకుండా రాసుకుంటూ పోయాడు. అతని వెనక వరస అప్పటికే గుమ్మం దాటి, వసారా దాటి, పశువుల దొడ్డి దాకా పోయింది.